మీటరు చూపే సున్నాను నమ్మవచ్చునా?

నాలుగు కార్మిక స్మృతులు 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చినప్పటి నుండి దేశమంతటా సాగుతున్న చర్చ ప్రధానంగా వేతనాలు, గ్రాట్యుటీ, పనిగంటల చుట్టూ తిరుగుతున్నది. అది సహజమే. అయితే గంగావతి, కారటగి, సింధనూరు రైసు మిల్లుల్లోను, రాయచూరు జిన్నింగు ఫ్యాక్టరీల్లోను, హోసూరు, గుమ్మిడిపూండి సిప్‌కాట్ వాడల్లోను, రాయగడ పరిసరాల పరిశ్రమల్లోను, షోలాపూరు మరమగ్గాల షెడ్లలోను మెయింటెనెన్సు పనికి వెళ్ళే తెలుగు కుటుంబాల బిడ్డలకు సంబంధించి ఆ చర్చలో చోటు దక్కని విషయం ఒకటి ఉన్నది. వారి చొక్కా జేబులోని టెస్టరు, నడుముకు వేలాడే మల్టీమీటరు, ఇటీవల ప్రతి మిల్లులోనూ కనిపిస్తున్న టెంపరేచర్ గన్ ఎవరు కొని ఇవ్వాలి? వాటిని వాడే పద్ధతి ఎవరు నేర్పాలి? అవి తప్పు చూపినప్పుడు జరిగే నష్టానికి పూచీ ఎవరిది?

ఇది చిన్న విషయమని తోసిపుచ్చదగినది కాదు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2018 మొదలు 2021 వరకు విద్యుదాఘాతంతో మరణించినవారి సంఖ్య ఏ సంవత్సరంలోనూ పన్నెండు వేలకు తగ్గలేదు. షార్టు సర్క్యూటు వల్ల చెలరేగే మంటలు ఈ లెక్కకు అదనం. 2025 మే 18న షోలాపూరులోని అక్కల్‌కోట రోడ్డు పారిశ్రామికవాడలో ఒక తువాళ్ళ కర్మాగారం కాలిపోయి ఎనిమిదిమంది దుర్మరణం పాలైనప్పుడు కూడా తొలుత వినవచ్చిన అనుమానం షార్టు సర్క్యూటేనన్నది పాఠకులకు విదితమే. వదులైన ఒక కనెక్షను, వేడెక్కిన ఒక కేబులు, కరెంటు లేదనుకొని పట్టుకున్న ఒక తీగ: ఇలాంటి ప్రమాదాలలో అనేకం ముందుగా కొలిచి ఉంటే తెలియగలిగేవే. కొలిచే సాధనాలు లేవా అంటే, ఉన్నాయి. పదిహేనేళ్ళ క్రితం ఇంజనీరు గదిలో బీరువాలో తాళం వేసి ఉంచిన సాధనాలు ఈనాడు కొన్ని వందల రూపాయలకే అంగట్లో దొరుకుతున్నాయి. సాధనం చవకైనంత వేగంగా దానిని గురించిన తెలివిడి పనివాని చేతికి అందలేదన్నదే అసలు చిక్కు.

చిక్కులో అతి ప్రమాదకరమైన భాగం మీటరు చూపే సున్నా. ఎక్కువ అంకె కనిపించినప్పుడు ఎవరైనా వెనుకడుగు వేస్తారు. ఏమీ లేదని చూపినప్పుడే చేయి ముందుకు సాగుతుంది. ఆ సున్నాకు కారణాలు అనేకం. తీగలో నిజంగా కరెంటు లేకపోవచ్చు. మీటరు లోపలి బ్యాటరీ నీరసించి ఉండవచ్చు. మీటరు తీగ లోలోపల తెగి ఉండవచ్చు. చక్రం తప్పు గుర్తు వద్ద నిలిచి ఉండవచ్చు. చూసేవానికి మాత్రం అన్ని సున్నాలూ ఒకే తీరుగా కనిపిస్తాయి.

అందుకే అనుభవజ్ఞులైన ఎలక్ట్రీషియన్లు మూడు మెట్ల పద్ధతి పాటిస్తారు. మొదట కరెంటు ఉన్నదని ఖాయంగా తెలిసిన చోట మీటరు పెట్టి, అది సరిగా చూపుతున్నదని నిర్ధారించుకుంటారు. తరువాత పని చేయవలసిన చోట పరీక్షిస్తారు. సున్నా వచ్చిన వెనుక మళ్ళీ మొదటి చోటికి వెళ్ళి, ఈ మధ్యకాలంలో మీటరు చెడిపోలేదని రూఢి చేసుకుంటారు. ఆ మూడవ మెట్టును చాలామంది వదిలివేస్తారు. దానికి పట్టేది అర నిమిషం.

టెస్టరు స్క్రూడ్రైవరు విషయంలో భ్రమ మరీ ఎక్కువ. అందులోని చిన్న నియాన్ దీపం వెలగాలంటే అతి స్వల్పమైన కరెంటు ఆ సాధనం గుండా, పట్టుకున్న మనిషి శరీరం గుండా భూమిని చేరాలి. పొడి చెక్కబల్ల మీద నిలుచున్నవానికి, మందపాటి రబ్బరు చెప్పులు వేసుకున్నవానికి ఆ వెలుగు మసకబారవచ్చు. మిట్టమధ్యాహ్నపు ఎండలో వెలిగినా కంటికి ఆనదు. పక్క తీగ ప్రభావంతో కరెంటు లేని తీగ మీద మినుకుమినుకుమనడమూ కద్దు. చేతికి కరెంటు తగలకుండా కాపాడేది లోపల ఉండే నిరోధకం ఒక్కటే. పిడి పగిలిన టెస్టరును, తడిసిన టెస్టరును ఇంకా పనికివస్తుందని దాచుకోవడం మన ఇళ్ళలో, మిల్లుల్లో సాధారణం. అటువంటి దానిని పారవేయడమే మేలు. ఫేజు తీగ ఏదో గుర్తించడానికి టెస్టరు పనికివస్తుంది. కరెంటు లేదని నిరూపించడానికి మాత్రం పనికిరాదు.

పంట పొలాల్లో ఈ సున్నా మరొక వేషం వేస్తుంది. కర్ణాటకలో వ్యవసాయ పంపుసెట్లకు ఏడు గంటల త్రీఫేజు సరఫరా విధానం ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిది గంటలు. తెలంగాణ 2018 జనవరి 1 నుండి ఇరవై నాలుగు గంటలూ ఇస్తున్నది. హద్దురాయికి ఇటూ అటూ ఉన్న రెండు చేలలో కరెంటు వచ్చే వేళ, పోయే వేళ వేరు వేరు. ఒక ఊరి వేళలకు అలవాటుపడిన మనిషి హద్దు దాటి బంధువుల చేలో స్టార్టరు పెట్టె విప్పి టెస్టరు పెడతాడు. వెలగదు. వెలగకపోవడానికి కారణం మెయిన్ తీసివేసి ఉండటం కాదు, సరఫరా ఇంకా రాకపోవడం. చేతులు లోపల ఉండగానే వంతు వేళ అయితే ఏమవుతుందో చెప్పనవసరం లేదు. మెయిన్ స్విచ్చి దించి, ఫ్యూజులు ఊడదీసి జేబులో వేసుకొని, ఆ పిమ్మటనే పరీక్షించాలన్న పాత మేస్త్రీల నియమం ఇందుకే పుట్టింది. పక్కన జనరేటరు గాని, ఇన్వర్టరు గాని ఉంటే అటునుండి వెనుకకు వచ్చే కరెంటును కూడా లెక్కలోకి తీసుకోవలసిందే.

మల్టీమీటరుకు వస్తే, అంగట్లో విరివిగా దొరికే పసుపుపచ్చని చవక మీటర్ల ముఖం మీద పది ఆంపియర్ల రంధ్రం పక్కన 'ఫ్యూజు లేదు' అన్న హెచ్చరిక ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో అచ్చువేసి ఉంటుంది. ఎర్ర తీగను ఆ రంధ్రంలో ఉంచి కరెంటు కొలిచి, మరునాడు దానిని మార్చడం మరచి, అదే మీటరుతో 415 వోల్టుల ప్యానెల్ మీద వోల్టేజి చూడబోతే ఆ మీటరు నేరుగా రెండు ఫేజుల మధ్య వేసిన లింకు తీగ అవుతుంది. మంట, కరిగిన లోహం ముఖం మీదికి ఎగుస్తాయి. మంచి మీటర్లలో ఇటువంటి ఘడియ కోసమే గట్టి ఫ్యూజు ఉంటుంది. మీటరు మీద 'క్యాట్' అన్న మాట, పక్కన రోమన్ అంకె కూడా ముద్రించి ఉంటాయి. రెండు అంటే గోడ సాకెట్టుకు తగిలించే సామానుకు, మూడు అంటే మిల్లులోని పంపిణీ ప్యానెళ్ళకు, నాలుగు అంటే వీధి నుండి సర్వీసు తీగ వచ్చి చేరే చోటికి అని అర్థం. పెద్ద మోటార్లున్న మిల్లులో మూడుకు తగ్గిన మీటరు ఉండరాదు. ఈ గుర్తును నకిలీగా అచ్చువేసిన సరుకు కూడా బజారులో ఉన్నందున కొనేవారు ధర ఒక్కటే చూడటం మంచిది కాదు.

తీగను పట్టుకొని కరెంటు కొలిచే టాంగ్ టెస్టరు వీటన్నిటిలోనూ కొంత క్షేమకరమైనది. తీగను విప్పనవసరం లేదు. కాని దాని దవడలో ఒకే తీగ ఉండాలి. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిసి ఉన్న కేబులును పట్టుకుంటే రాకపోకల కరెంట్లు ఒకదానినొకటి రద్దు చేసుకొని మళ్ళీ అదే సున్నా కనిపిస్తుంది.

పావగడ ఈ విషయంలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది. తుమకూరు జిల్లాలోని ఈ తెలుగు తాలూకాలో తిరుమణి, వళ్ళూరు మొదలైన గ్రామాల రైతుల నుండి కౌలుకు తీసుకున్న సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ క్షేత్రం వెలసింది. భూమి ఇచ్చిన కుటుంబాల యువకులలో కొందరు అక్కడే పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా వంటి పనులలో కుదిరారు. మిల్లులో నేర్చిన అలవాట్లు ఇక్కడ చెల్లవు. పలకల వరుసలలో ప్రవహించేది ఏసీ కాదు, డీసీ. ఇటువంటి పెద్ద క్షేత్రాలలో వరుస వోల్టేజి వెయ్యి దాటి పదిహేను వందల దాకా ఉండటం పరిపాటి. ఆరు వందల వోల్టులకు మించి తట్టుకోలేని మీటరు ఇక్కడ పనివానికే గండం. సాధారణ టాంగ్ టెస్టరు ఏసీని మాత్రమే గ్రహిస్తుంది కనుక నిండుగా డీసీ పారుతున్న తీగ మీద పెట్టినా సున్నాయే చూపుతుంది. మిల్లులో మెయిన్ తీసివేయవచ్చు, ఆకాశంలో సూర్యునికి మెయిన్ స్విచ్చి లేదు. పగలంతా పలకలు కరెంటు పుట్టిస్తూనే ఉంటాయి. పలకలు కడిగే పనివారికి మీటరు ఇవ్వకపోవచ్చు. కాని పగిలిన పలకను, ఊడిన కనెక్టరును తాకరాదని, శిక్షణ పొందినవారిని పిలవాలని వారికి అర్థమయ్యే భాషలో చెప్పడం తప్పనిసరి.

తుపాకీ మాయ

టెంపరేచర్ గన్ మన పల్లెలకు పరిచయమైనది 2020లో, కరోనా కాలంలో. ఫ్యాక్టరీ గేటు వద్ద నుదుటికి గురిపెట్టిన ఆ సాధనాలు తరువాత ఆఫీసు సొరుగుల్లో చేరి, కొన్నిచోట్ల ఈనాడు మోటార్ల మీదికి తిరిగాయి. ఇది పొరపాటు. నుదుటి ఉష్ణోగ్రత చూసేందుకు తయారైనది మనిషి జ్వరం పరిధిలోనే పనిచేస్తుంది, చర్మానికి తగిన సవరణ చేసి అంకె చూపుతుంది. బేరింగు వేడికి అది సాక్ష్యం కాజాలదు.

పరిశ్రమలకై తయారైన గన్ కూడా గురిపెట్టిన వస్తువు ఉపరితలం నుండి వెలువడే పరారుణ కిరణాలను మాత్రమే కొలుస్తుంది. నల్లని, గరుకైన, రంగు వేసిన ఉపరితలాలు తమ వేడిని దాచుకోవు. మెరిసే లోహం దాచుకుంటుంది. అది అద్దం వలె చుట్టుపక్కల వేడిని ప్రతిఫలింపజేస్తుంది. 35 డిగ్రీల గదిలో 90 డిగ్రీలకు కాగిన మెరుగుపెట్టిన రాగి పట్టీ మీద గురిపెడితే గన్ 40 డిగ్రీల సమీపంలోనే చూపడం సాధ్యం. ఉప్పుడు బియ్యపు మిల్లుల్లో ఆవిరి గొట్టాలకు తొడిగిన అల్యూమినియం రేకుల మీదా ఇదే జరుగుతుంది. అంకె చూసి చల్లగా ఉన్నదనుకొని చేయి వేసినవాని వేళ్ళు బొబ్బలెక్కుతాయి. ఇందుకు విరుగుడు సులభం. యంత్రం ఆపి, కరెంటు తీసివేసిన తరువాత కొలవవలసిన చోట నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించాలి. అది తట్టుకోగల వేడి మేరకు, ఆ పైన ప్రతిసారీ ఆ టేపు మీదనే గురిపెట్టాలి. టేపు తట్టుకోలేని వేడి ఉండే చోట నల్లరంగు వేయడం మేలు.

ఎర్రని చుక్క మరొక మాయ. ఆ చుక్క ఉన్నంత మేరకే కొలుస్తున్నదని అందరి నమ్మకం. చుక్క దారి చూపేది మాత్రమే. పన్నెండుకు ఒకటి అని గుర్తున్న గన్‌తో పన్నెండు అడుగుల దూరం నుండి చూస్తే అడుగు వెడల్పు గల వలయమంతటి సగటు వేడి తెలుస్తుంది. ఆ వలయంలో గోలీ అంత కాలిన బోల్టు ఉన్నా సగటులో కలిసిపోతుంది. చవక గన్‌లలో ఈ నిష్పత్తి ఇంకా తక్కువ. ప్యానెల్ ముందున్న గాజు, అక్రిలిక్ పలకల గుండా ఈ సాధనం చూడలేదు, ఆ పలక వేడినే చూపుతుంది. ఊక దుమ్ము, ఆవిరి అడ్డువచ్చినా అంతే. ప్యానెల్ తలుపు తీసి కొలవడమే ప్రమాదభరితం కనుక ఆ పని అధికారం గల ఎలక్ట్రీషియన్ చేతనే జరగాలి.

ఇన్ని లోపాలున్నా గన్‌ను విడనాడమని ఎవరూ అనరు. ఒక్కసారి వచ్చే అంకెను నమ్మి ఊరుకోకుండా పోల్చి చూడటం తెలిసినవారికి అది మంచి కావలి కుక్క. ఒకే భారం మీద ఉన్న మూడు ఫేజుల కేబుళ్ళలో రెండు 45 డిగ్రీల వద్ద ఉండి మూడవది 65 చూపితే, ఆ మూడవ దాని చివర నట్టు వదులయిందనో, తుప్పు పట్టిందనో అనుమానించవచ్చు. పీవీసీ కేబులులోని తీగకు 70 డిగ్రీలు హద్దు. పైపొర మీదనే 65 ఉన్నదంటే లోపల అంతకు మించే ఉంటుంది. మోటారు వైండింగు తన హద్దును మించి ప్రతి పది డిగ్రీలు వేడెక్కినప్పుడు దాని ఆయువు సుమారు సగానికి పడిపోతుందన్నది పరిశ్రమలో స్థిరపడిన లెక్క. జిన్నింగు ఫ్యాక్టరీలో దూది పేరుకున్న బేరింగు వేడెక్కడం అగ్నిప్రమాదానికి నాంది. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, యంత్రం నిండు భారం మీద ఉండగా కొలిచి నోటుబుక్కులో రాసుకుంటే నెల తిరిగేసరికి ఏ బేరింగు పోకడ మారుతున్నదో ఆ పుస్తకమే చెబుతుంది. పది వేల రూపాయల కెమెరా కన్న పది రూపాయల నోటుబుక్కు ఎక్కువ మేలు చేసే సందర్భాలు లేకపోలేదు.

వేసవిలో పనిచేసే చోటి గాలి వేడిని తెలుసుకోవడానికి ఈ గన్ ఎంతమాత్రం తగదు. గోడకు గురిపెడితే గోడ వేడి, రేకుకు గురిపెడితే రేకు వేడి తెలుస్తుంది. మనిషికి వడదెబ్బ తగిలేది వేడి, తేమ రెండూ కలిసినప్పుడు. అందుకే అనేక రాష్ట్రాల కర్మాగార నియమావళులు పనిగదిలో తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 30 డిగ్రీలకు మించరాదని, గాలి కదలిక నిమిషానికి కనీసం 30 మీటర్లు ఉండాలని నిర్దేశించాయి. చేత పట్టి తిప్పే ఆ జంట థర్మామీటరు ధరలో చిన్నది. తమిళనాడు ప్రభుత్వం 2024 అక్టోబరులో వడగాలిని రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. అటువంటి రాష్ట్రంలోనైనా షెడ్డుకొక థర్మామీటరు వేలాడదీయమని అడగడం అత్యాశ కాదు.

ఖర్చు ఎవరిది?

చట్టం ఈ విషయంలో పనివాని పక్షాన ఉన్నది. వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి భద్రత కోసం చేసిన ఏ ఏర్పాటుకూ ఉద్యోగి నుండి రుసుము వసూలు చేయరాదని స్పష్టంగా చెప్పింది. 'నీ టెస్టరు నువ్వే తెచ్చుకో' అనే మేస్త్రీ మాట, పోయిన మీటరు ధరను జీతంలో కోసుకునే అలవాటు ఈ నిబంధన ముందు నిలువవు. అయితే అదే స్మృతి మరొక పని కూడా చేసింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం విద్యుత్తు వాడే చోట పదిమంది ఉంటే కర్మాగారమన్నది. స్మృతి ఆ సంఖ్యను ఇరవైకి పెంచింది. పదిమందికి పైబడిన సంస్థలకు యజమాని సాధారణ బాధ్యతలు వర్తిస్తున్నా, కర్మాగారాలకు ప్రత్యేకించిన నియమాలు పన్నెండుమందితో నడిచే మిల్లును తాకవు. ఆరుగురితో నడిచే పిండిమర, వైండింగు షాపు చాలావరకు స్మృతి వెలుపలనే మిగిలిపోతాయి. సరిహద్దు ఊళ్ళలో అధికభాగం ఇటువంటివే. మార్పు వల్ల చిన్న యజమానులకు కాగితాల బరువు తగ్గిన మాట నిజం. పనివాని రక్షణ కూడా దానితో తగ్గిందన్నది అంతే నిజం.

అక్కడ ఆదుకొనేది కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు. విద్యుత్ లైన్ల మీద, పరికరాల మీద పనిచేసే ప్రతివానికి చేతి తొడుగులు, రబ్బరు బూట్లు, హెల్మెట్, ఎర్తింగు సాధనాలతో పాటు లైన్ టెస్టరును కూడా సమకూర్చాలని 2010 నిబంధనలు పేరుపెట్టి మరీ చెప్పాయి. వాటి స్థానంలో 2023లో వచ్చిన నిబంధనలు ఆ బాధ్యతను కొనసాగించాయి. ఇక్కడ పనివారి తలలు లెక్కించే ప్రసక్తి లేదు. ముగ్గురున్న పిండిమర యజమాని కూడా దీనికి బద్ధుడే.

హద్దు దాటి పనికి వెళ్ళేవారికి మాత్రం ఈ నిబంధనలలోనే మరొక మెలిక ఉన్నది. వైరింగు పని చేసేవానికి ఆ రాష్ట్ర ప్రభుత్వం జారీచేసిన లేక గుర్తించిన అనుమతి పత్రం ఉండాలి. అనంతపురంలోనో చిత్తూరులోనో పొందిన వైర్‌మన్ పర్మిటు బళ్ళారిలో, హోసూరులో దానంతటదే చెల్లదు. అక్కడి లైసెన్సింగు బోర్డు దానిని గుర్తించవలసి ఉంటుంది. ఐటీఐ జాతీయ ధ్రువపత్రం విషయం వేరు, అది దేశమంతటా విద్యార్హతగా చెల్లుతుంది. పర్మిటు లేని పనివానికి కాంట్రాక్టరు 'హెల్పరు' అని పేరుపెట్టి ఎలక్ట్రీషియను పని చేయించుకోవడం రివాజైంది. ప్రమాదం జరిగిననాడు ఆ పేరే అతని కుటుంబానికి అడ్డంకి అవుతుంది. హెల్పరు ప్యానెల్ దగ్గరికి ఎందుకు వెళ్ళాడన్న ప్రశ్న తలెత్తి, తప్పంతా చనిపోయినవాని మీదికి నెట్టబడుతుంది. నియామక పత్రం ప్రతి కార్మికునికీ ఇవ్వాలని కొత్త స్మృతి విధించినందున, ఆ పత్రంలో పని పేరు ఏమని రాశారో ఇంటివారు చదివి చూసుకోవడం అవసరం. పర్మిటు లేనివాడు రాష్ట్ర బోర్డుకు దరఖాస్తు చేసుకొనేంత వరకు ప్యానెల్ విప్పే పనికి పోకుండా ఉండటమే అతనికి క్షేమం.

భాష సంగతి కూడా ఉన్నది. నోటీసులు ఇంగ్లీషులోను, అత్యధిక కార్మికులకు తెలిసిన భాషలోను ఉండాలని పాత ఫ్యాక్టరీల చట్టం చెప్పేది. తుంగభద్ర కాలువ కింది క్యాంపుల తెలుగువారు అధికంగా పనిచేసిన మిల్లులకు ఈనాడు బీహారు, ఒడిశాల నుండి కూడా మనుషులు వస్తున్నారు. ఒకే షెడ్డులో నాలుగు భాషలు వినిపిస్తున్నప్పుడు అత్యధికుల భాష ఏదన్నది తేలే ప్రశ్న కాదు. మీటరుతో వచ్చే కరపత్రం ఇంగ్లీషులోనో చైనా భాషలోనో ఉంటుంది. మీటరు చక్రం చుట్టూ ఉండే గుర్తులకు మాత్రం భాష లేదు. అలల గీత ఏసీకి, కింద చుక్కల వరుస ఉన్న నిలువని అడ్డగీత డీసీకి, గుర్రపు నాడా వంటి గుర్తు నిరోధానికి, త్రికోణంలో మెరుపు ప్రమాదానికి. షిఫ్టు మొదలయ్యే ముందు పదిహేను నిమిషాల పాటు ఆ గుర్తులను గోడ మీద సుద్దముక్కతో గీసి చూపడానికి ఏ మిల్లు యజమానికీ ప్రభుత్వ ఉత్తర్వు అవసరం లేదు.